రాకాసి గూళ్ళ పక్కన గుడారం ఎవరి సెలవుతో?

తమ్ముడూ, చెల్లే! ఈ మధ్య మన సత్తుపల్లి, దమ్మపేట, అశ్వారావుపేట వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన పోస్టరు మీ ఫోన్‌కి కూడా వచ్చే ఉంటది. వాగు మధ్య దీవిలో ఒక రాత్రి గుడారం, చలిమంట, పొద్దున్నే ట్రెక్కింగ్, వేల ఏండ్ల నాటి రాక్షస గూళ్ళు, దారి చూపించడానికి గైడు, తిండి మాదే. కింద తలకు ఇంత అని రేటు. ఇంకా కింద చిన్న అక్షరాల్లో ఒక లైను: "గిరిజన నృత్యం కావాలంటే అదనం."

ఆ "అదనం" దగ్గర నా కన్ను ఆగిపోయింది. వాగు మనది, గుట్ట మనది, గూళ్ళ కథ మనది. అవన్నీ ప్యాకేజీలో ఉచితం. మనం మాత్రం అదనం!

ఆ పోస్టరును మనవాళ్ళే ఎక్కువ షేర్ చేశారు. "సూపర్ బ్రో, పోదామా" అని కింద కామెంట్లు. అందుకే ఇది రాస్తున్నా. తిట్టడానికి కాదు. నేనూ ఒకసారి పోయా, కాకపోతే టికెట్ కొనుక్కొని కాదు, గుడారాలు మోయడానికి.

డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న రోజులు. దోస్తు ఒకడు "రెండు రోజుల పని, కూలీతో పాటు తిండి" అంటే తాడ్వాయి అడవికి పోయా. ములుగు జిల్లా. పట్నం నుంచి వచ్చిన పిల్లలు, మంచివాళ్ళే, నవ్వుతూ పలకరించారు. రెండో రోజు దామెరవాయి గుట్ట మీదికి తీసుకపోయారు. అక్కడ గైడు (అడవిలో అతనికి ఏ చెట్టు పేరూ రాదు, అది వేరే సంగతి) ఆ రాతి గూళ్ళను చూపించి, "పూర్వం ఇక్కడ రాక్షసులు ఉండేవాళ్ళు, ఈ ఇళ్ళు వాళ్ళు కట్టుకున్నవే" అన్నాడు. అందరూ నవ్వారు. ఒకడు గూటి మీది బండ ఎక్కి ఫోటో దిగాడు. ఇంకొకడు నా వైపు చూసి, "అన్నా, మీ తాతలా?" అన్నాడు. సరదాకే అన్నాడు. నేనూ నవ్వా. ఆ నవ్వు ఇప్పటికీ నా గొంతులో ముల్లులా ఉంది.

అవి ఇళ్ళు కావు. సమాధులు. ఇనుము కొత్తగా వాడకంలోకి వచ్చిన కాలంలో, రెండు మూడు వేల ఏండ్ల కింద, చచ్చిపోయిన మనిషి కోసం నాలుగు పక్కలా రాతి పలకలు నిలబెట్టి పైన పెద్ద బండ కప్పిన గూళ్ళు. కొన్నింటి లోపల ఎముకలు పెట్టే రాతి తొట్లు ఉంటాయి. మన గోదావరి వైపు పినపాక మండలం జానంపేటలో కూడా ఇట్లాంటివి ఉన్నాయి, వాటి పక్కన మనిషి ఆకారంలో, శిలువలాగా చెక్కిన నిలువు రాళ్ళతో సహా. పందొమ్మిదో శతాబ్దంలోనే ఇంగ్లీషువాళ్ళు వచ్చి చూసి రాసుకున్నారు. అంటే గుర్తు పట్టినవాళ్ళు గుర్తు పట్టారు. రాసుకోవాల్సినవాళ్ళు రాసుకున్నారు. గుట్ట కింద బతికే మనకే ఎవరూ చెప్పలేదు. బడి పుస్తకంలో హరప్పా ఉంది, ఈజిప్టు పిరమిడ్డు ఉంది, దామెరవాయి లేదు.

ఆ గూళ్ళు కట్టింది కోయలే అని నేను ప్రమాణం చెయ్యను. అట్లా చెప్పడం మనకు ఎంత ఇష్టమైనా సరే, తెలియనిది తెలిసినట్టు చెప్తే మనకూ ఆ గైడుకూ తేడా ఉండదు. కానీ చచ్చినోళ్ళకు రాయి నిలబెట్టే ఆచారం ఎవరిదో నాకు తెలుసు. మీకూ తెలుసు. దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ 1870ల్లో కోయోళ్ళ గురించి రాసిన సంగతుల్లో ఆ రాళ్ళ ముచ్చట ఉంది. గోదావరి దాటి బస్తర్ వైపు పోతే దారి పక్కన వరసగా రాళ్ళు, కొయ్య స్తంభాలు ఇప్పటికీ నిలబడి ఉంటాయి. పేర్లు రాసి, బొమ్మలు వేసి. అక్కడ ఎవరూ బండ ఎక్కి ఫోటో దిగరు. వల్లకాట్లో తాత సమాధి మీద నిలబడి ఎవరైనా సెల్ఫీ దిగుతారా? ఊళ్ళో వాళ్ళ తాతైతే దిగరు. అడవిలో మన తాతైతే దిగుతారు, ఎందుకంటే ఆయన రాక్షసుడు కదా!

ఇక ఆ దీవి సంగతి.

తాడ్వాయి మండలంలోనే జలగలంచ ఉంది. అక్కడ వాగు దగ్గర "బ్లాక్‌బెర్రీ ఐలాండ్" అని అటవీశాఖ గుడారాల క్యాంపు పెట్టింది. రాత్రి ఉండొచ్చు, ఆటలు ఆడుకోవచ్చు. రీళ్ళు చూసే ఉంటారు, ఇసుక తెల్లగా, నీళ్ళు పల్చగా, బాగానే ఉంటది. ఇప్పుడు ఆ పేరు పక్కన పెట్టి, ఒట్టి "జలగలంచ" అని వెతకండి. 2017 సెప్టెంబరు వార్తలు వస్తాయి. ఛత్తీస్‌గఢ్‌లో సల్వా జుడుం తగలబెట్టిన ఊళ్ళ నుంచి పిల్లల్ని చంకనేసుకొని వచ్చి, ఆ అడవిలో గుడిసెలు వేసుకున్న గుత్తికోయలను అప్పుడే వెళ్ళగొట్టారు. వాళ్ళ గుడిసెలు కూల్చారు. కారణం ఏం చెప్పారు? ఇది అభయారణ్యం, ఇక్కడ మనుషులు ఉండొద్దు, అడవి పాడవుతుంది.

అదే అడవి. అదే శాఖ. తాటాకు గుడిసె వేస్తే అడవి పాడవుతుంది. నైలాన్ గుడారం వేస్తే అడవి బాగుపడుతుంది. దీన్ని మించి నేను ఏం వివరించాలి?

వాళ్ళు వేరే రాష్ట్రం వాళ్ళు కదా, 2005 డిసెంబరు 13 తర్వాత వచ్చినోళ్ళు కదా, చట్టం వర్తించదు కదా అనే మాట మనలో కూడా కొంతమంది అంటారు. సరే, తేదీ లెక్క తీద్దాం. జుడుం మొదలైంది 2005లో. సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధం అని చెప్పింది 2011లో. ఇల్లు తగలబడి పారిపోయేవాడు క్యాలెండర్ చూసుకొని పారిపోడు. పైగా దీవిలో ఒక రాత్రి ఉండటానికి వచ్చే వాళ్ళని ఎవరన్నా "మీ ముత్తాత 75 ఏండ్లుగా ఈ అడవిలో ఉన్నట్టు కాగితం ఉందా" అని అడిగారా?

చట్టం అంటున్నారు కాబట్టి చట్టమే మాట్లాడుకుందాం. మనోళ్ళు చాలామంది అటవీహక్కుల చట్టం అంటే పోడు పట్టా కాగితం అనుకుంటారు. 2006 చట్టంలో సెక్షన్ 3(2) తీసి చదవండి. అడవి భూమిని ఊరి అవసరాలకు ఇవ్వదగ్గ పనులు 13 రాసి ఉన్నాయి. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, రేషన్ షాపు, కరెంటు లైను, చెరువు, తాగునీటి పైపు, రోడ్డు ఇట్లాంటివి. ఒక్కోదానికి హెక్టారు లోపు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, గ్రామసభ సిఫారసు ఉంటేనే. రోడ్డు ఆ లిస్టులో ఉంది. రిసార్టు లేదు. అయినా మన దగ్గర జరిగేది ఏంటి? గూడెం రోడ్డుకు "ఫారెస్టు క్లియరెన్స్ రాలేదు" అని ఏండ్లకేండ్లు ఆపుతారు, నిండు గర్భిణిని డోలీలో మోసుకుంటూ వాగు దాటిస్తాం. టూరిస్టు జీపుకు మాత్రం దారి దానంతట అదే చదునవుతుంది.

ఇంకో ముచ్చట. 2023లో కేంద్రం అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించింది. పేరు కూడా హిందీలో పెద్దదిగా మార్చింది. అందులో ఒక చిన్న మలుపు ఉంది. అటవీశాఖ ప్లానులో రాసుకున్న ఎకో టూరిజం ఇక "అటవీయేతర పని" కాదు. అంటే కాటేజీ కడితే అది అడవి పనే. మనం జొన్న చల్లితే? అది ఆక్రమణ. ఆ సవరణ మీద సుప్రీంకోర్టులో కేసు నడుస్తోంది. జూలు, సఫారీల విషయంలో మా అనుమతి లేకుండా ముందుకు పోవద్దని 2024 ఫిబ్రవరిలో కోర్టు చెప్పింది కూడా. కేసు తేలేదాకా ఇక్కడ మేకులు దిగకుండా ఉంటాయని మాత్రం అనుకోకండి.

మరి మన చేతిలో ఏమీ లేదా? ఉంది. అదే 2006 చట్టం సెక్షన్ 5 చదవండి. అడవినీ, వాగులనీ, మన సాంస్కృతిక వారసత్వాన్నీ పాడుచేసే పనుల నుంచి కాపాడే అధికారం గ్రామసభదే. 1996 పెసా చట్టం కూడా ఆచారాలు, గుర్తింపు, ఉమ్మడి వనరులు కాపాడుకునే సత్తా గ్రామసభకు ఉందని రాసింది. 1/70 ఉంది. 1997 సమత తీర్పు ఉంది. షెడ్యూల్డ్ ఏరియాలో సర్కారు భూమిని సర్కారైనా సరే గిరిజనేతరుడికి లీజుకు ఇవ్వకూడదని చెప్పిన తీర్పు అది, బొర్రా కొండల దగ్గర గనుల మీద పోరాడి తెచ్చుకున్నది. సమాధుల గూళ్ళు సాంస్కృతిక వారసత్వం కాకపోతే ఇంకేది? కాబట్టి "దీవి మీద గుడారం ఎవరి సెలవుతో" అన్న ప్రశ్న కోపంతో అడిగేది కాదు. చట్టం ప్రకారం అడిగేది. జవాబు తీర్మానం కాగితం రూపంలో ఉండాలి. లేకపోతే లేదు.

కొంచెం దూరం పోదాం, ఎందుకంటే దీవి, పురాతన రాళ్ళు అనగానే తెలుగోళ్ళకు మొదట గుర్తొచ్చేది నాగార్జునకొండ. విజయపురి సౌత్ దగ్గర లాంచీ ఎక్కి పోతే నీళ్ళ మధ్య కొండ, కొండ మీద మ్యూజియం. బడి పిల్లల్ని తీసుకపోతారు, నేనూ పోయా. అది పుట్టుకతో దీవి కాదు. కృష్ణ లోయలో ఇక్ష్వాకుల రాజధాని, బౌద్ధ ఆరామాలు ఉన్న చోటు. 1955లో నాగార్జునసాగర్‌కు పునాది పడకముందే, లోయ మునుగుతుందని, 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ ఊపిరి తీసుకోకుండా తవ్వింది. బయటపడ్డ కట్టడాల్లో ముఖ్యమైనవాటిని ఇటుక ఇటుకకూ లెక్క చూసి కొండ మీదా, అనుపు దగ్గరా మళ్ళీ నిలబెట్టారు. గొప్ప పని, కాదనను. రాయికి అంత మర్యాద చేసినందుకు సంతోషమే. ఆ లోయలో నిన్నటిదాకా దున్నుకున్న పల్లెలు ఎటు పోయాయో చెప్పే బోర్డు మాత్రం ఆ మ్యూజియంలో నాకు కనపడలేదు. పద్దెనిమిది వందల ఏండ్ల కింది ఊరికి గుర్తు ఉంది. అరవై ఏండ్ల కింది ఊరికి లేదు.

ఇది పాత కథ అనుకోకండి. మన అశ్వారావుపేట దాటి వేలేరుపాడు పోండి. 2014 దాకా అది మన ఖమ్మం జిల్లానే. పోలవరం కోసం ఏడు మండలాలను ఒక ఆర్డినెన్సుతో అటు కలిపారు, గ్రామసభలను అడిగిన పాపాన పోలేదు. అక్కడ రుద్రమకోట దగ్గర ముంపు రాకముందే అని పురావస్తు శాఖ తవ్వితే బృహత్ శిలాయుగం సమాధులు బయటపడ్డాయి. కుండలు, ఎముకలు జాగ్రత్తగా ఎత్తారు. ఎత్తాల్సిందే. కానీ అదే ఊరి చుట్టు కోయ, కొండరెడ్డి కుటుంబాల సంగతి? పోలవరంతో కదలాల్సిన కుటుంబాలు లక్షకు పైనే. పరిహారం 41.15 మీటర్ల కాంటూరు దాకా ముందు, 45.72 దాకా తర్వాత అని మనుషులను గీతలతో కోస్తున్నారు. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు వచ్చినప్పుడు ఆ నీళ్ళు ఏ కాంటూరు గీత దగ్గర ఆగాయి? ఎముకలు మ్యూజియం చేరాయి. మనుషులు ఇంకా గుట్టల మీద పట్టాలు కప్పుకొనే ఉన్నారు. ఆ పట్టాలను మాత్రం ఎవరూ "క్యాంపింగ్" అనరు.

అదే గోదావరి మీద పాపికొండల పడవలు. పోచవరం దగ్గర ఎక్కితే పేరంటాలపల్లి, కొల్లూరు ఇసుక తిన్నెల మీద వెదురు గుడిసెల్లో రాత్రి బస. ఆ గుడిసె అల్లే చేయి కొండరెడ్డిది. ఆ పొయ్యి మీద బొంగులో చికెన్ కాల్చే చేయి మనది. (బొంగులో చికెన్ ఇప్పుడు హైదరాబాద్ హోటళ్ళలో కూడా ఉంది, బొంగు లేకుండా, పేరుతో మాత్రమే.) పడవ ఎవరిది, టికెట్టు డబ్బు ఎవరి జేబులోకి అని చూడండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగింది. యాభై మంది దాకా పోయారు. బతికి బయటపడ్డ 26 మందిని ముందుగా అందుకున్నది ఒడ్డు మీది గూడేల జనం, తమ చిన్న పడవలేసుకొని వరదలోకి ఉరికినవాళ్ళు. వాళ్ళకు లైఫ్ జాకెట్ లేదు, వాళ్ళు ప్యాకేజీలో లేరు. ఆ గోదావరి సుడి ఎక్కడ లాగుతుందో వాళ్ళకు తెలుసు. పడవ కట్టేవాడు ముందు రోజు వాళ్ళను అడిగి ఉంటే?

గైడు అంటే నా లెక్కలో వాళ్ళు.

ఇప్పుడు మీలో కొందరు అడిగే ప్రశ్న నాకు తెలుసు. తేలికగా తీసిపారేసేది కాదు. "అన్నా, మరి ఉద్యోగాలు? సింగరేణి ఓపెన్‌కాస్టులో మనకు దక్కింది దుమ్ము. పామాయిల్ తోటల్లో దక్కింది కూలీ. టూరిజం వస్తే కనీసం గుడారం దగ్గర పని దొరుకుతది కదా. దాన్ని కూడా వద్దంటే ఎట్లా బతకాలి?"

వద్దని నేను అనట్లేదు. ఎవరైనా వచ్చి మన అడవి చూసి, మన గూళ్ళ ముందు చెప్పులు విప్పి నిలబడితే నాకు అభ్యంతరం లేదు. చాలా ఇష్టం కూడా. వచ్చినోళ్ళకు ఇప్పపూలు తినిపించే జాతి మనది. కానీ పని అంటే ఏ పని? నేను మోసింది గుడారాలు. తెల్లారి కడిగింది వాళ్ళ గిన్నెలు. ఏరింది వాళ్ళ బీరు సీసాలు, వాగులో నుంచి. నోరు తెరిచి చెప్పాల్సిన చోట, ఆ గూళ్ళ ముందు, మైకు ఇంకొకడి చేతిలో ఉంది. వాడు మన తాతను రాక్షసుడు అన్నప్పుడు నేను నవ్వాను, ఎందుకంటే సాయంత్రం కూలీ వాడే ఇవ్వాలి. ఉద్యోగం పేరుతో అడుగుతున్నది మన ఒళ్ళు ఒకటే అయితే, అది పామాయిల్ తోటకన్నా ఎందులో మెరుగు? దానికి తోడు సీజను అయిపోతే అదీ లేదు.

గ్రామసభ అనుమతి ఇచ్చి, గ్రామసభే టికెట్టు వసూలు చేసి, ఎంతమంది రావాలో, ఏ నెలల్లో రాకూడదో, ఎక్కడికి అసలు పోకూడదో తనే చెప్పి, కథ మన పిల్లలే చెప్పే టూరిజం తీసుకరండి. ముందు వరసలో నేను కూర్చుంటా. అట్లా చెప్పాలంటే మనం కూడా నేర్చుకోవాలి. మన వడ్డె దగ్గర కూర్చొని వేల్పుల కథ వినాలి, పురావస్తు రిపోర్టు కూడా చదవాలి. రెండూ తెలిసిన పిల్లలు మన గూడేల్లో ఎంతమంది ఉన్నారు? రీళ్ళలో కొమ్ములు పెట్టుకొని ఆడటం వచ్చినోళ్ళు చాలామంది. ఆ కొమ్ము ఏ వేల్పు దగ్గర ఎప్పుడు కడతారో తెలిసినోళ్ళు తక్కువ. ఈ మాట ఎవరినో అనట్లేదు, నన్ను నేను అనుకుంటున్నా. దామెరవాయిలో గైడు తప్పు చెప్పినప్పుడు నా దగ్గర సరైన జవాబు ఉంటే, కూలీ పోయినా సరే, నోరు తెరిచేవాణ్ణేమో. నాకు తెలియదు కాబట్టే నవ్వా.

ఇంత దూరం తిప్పింది ఎందుకంటే, అది మన ఇంటి దాకా వస్తోంది. సత్తుపల్లి నుంచి పెనుబల్లి ఎంత దూరం? పులిగుండాల చెరువు, దాని వెనక కనకగిరి గుట్టలు, గుట్టల మీద కాకతీయుల నాటి గుడి. నీళ్ళు, అడవి, పాత రాళ్ళు. పోస్టరుకు కావాల్సినవన్నీ ఉన్నాయి. పడవలు, కాటేజీలు, ట్రెక్కింగ్ దారులు అని మాట నడుస్తోంది. అదే గుట్టల అటు పక్క చండ్రుగొండలో పోడు కోసం కందకాలు, కేసులు, కొట్లాటలు. గుట్టకు ఒక పక్క ట్రెంచి, ఇంకో పక్క ట్రెక్కు.

కాబట్టి ఈసారి గ్రామసభ పెట్టినప్పుడు, సంతకాలు తీసుకోవడానికి సెక్రెటరీ పుస్తకం తిప్పే లోపు, ఇద్దరు ముగ్గురు నిలబడి ఇవి అడగండి. మన హద్దులో ఎకో టూరిజం ప్లాను ఏమన్నా ఉందా, ఉంటే కాగితం తెలుగులో చదివి వినిపించండి. సామూహిక అటవీ హక్కుల కోసం మనం పెట్టిన దరఖాస్తు ఏ బీరువాలో ఉంది, అది తేలకుండా కొత్త పనికి అనుమతి ఎట్లా ఇస్తారు. పాత గుళ్ళు, గూళ్ళు, నిలువు రాళ్ళు ఏ గుట్ట మీద ఏవి ఉన్నాయో మన పెద్దలతో తిరిగి రాసిన లిస్టు తీర్మానంలో ఎక్కించండి. లిస్టు లేకపోతే ఈ ఎండాకాలం తునికాకు పని అయిపోయాక మనమే తిరిగి రాద్దాం. ఫోన్లు ఉన్నాయి కదా, ఫోటో తీసి, స్థలం గుర్తు పెట్టి, ఆ రాయిని మన తాతలు ఏమని పిలిచేవాళ్ళో పక్కన రాసుకోండి.

బండ మీదికి మాత్రం ఎక్కకండి.

తాడ్వాయి ట్రిప్పు పోస్టరు పెట్టినవాళ్ళ నంబరుకు నేను మొన్న ఫోన్ చేశా. "ఆ ఊరి గ్రామసభ తీర్మానం ఉందా అండీ" అని అడిగా. అవతల అమ్మాయి కాసేపు ఆగి, "సర్, అది ప్యాకేజీలో ఇంక్లూడ్ కాదు" అంది.